కోటిపల్లి లైనులో మూతపడ్డ పల్లె స్టేషను: ఏది 1928 నాటిది, ఏది 2004 నాటిది?

కాలవగట్టు అడిగిన ప్రశ్న:

కాకినాడ–కోటిపల్లి లైనులో రామచంద్రపురం దాటాక వచ్చే ఒక పల్లె స్టేషను గురించి అడుగుతున్నానండి. ఊరి చరిత్ర చిన్న పుస్తకంగా వేస్తున్నారు. అందులో స్టేషనుకు రెండు పేజీలు కేటాయించారు. తప్పు రాస్తే అదే నిలిచిపోతుందని భయం.

అక్కడ కనిపించేవి ఇవీ. పసుపు బోర్డు, ప్లాట్‌ఫారం 2004లో లైను మళ్లీ వేసినప్పటివి, వాటి గురించి అనుమానం లేదు. వాటికి ముప్పై గజాల దూరంలో తుమ్మచెట్ల మధ్య పాత ఇటుక అరుగు ఒకటుంది. 20 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు ఉండొచ్చు. పక్కనే పుంతదారి మలుపులో నిలువుగా పాతిన నాలుగు పట్టా ముక్కలు ఉన్నాయి. ఒకదాని నడుము మీద ఉబ్బెత్తు అక్షరాలున్నా తుప్పు పట్టి చదవడానికి రావడం లేదు.

ఊళ్లో రెండు మాటలు వినిపిస్తున్నాయి. లైను 1890ల నాటిదని కొందరు, యుద్ధంలో జపానువాళ్లు బాంబులేస్తే పాడైందని ఇంకొందరు. ఇందులో నిజమెంత? ఆ అరుగు పాత స్టేషనుదేనని ఎలా తేల్చాలి? ఏ కాగితాలు, ఎక్కడ అడగాలి?

---

పాతపట్టాలు:

ముందు తేదీలు సరిచేసుకుందాం. ఊళ్లో చెప్పే రెండు మాటల వెనకా నిజమైన సంఘటనలే ఉన్నాయి, కాకపోతే అవి ఈ లైనువి కావు.

1890లు అన్నది మెయిన్ లైను సంగతి. బెజవాడ నుంచి వాల్తేరు వైపు వెళ్లే ఈస్ట్ కోస్ట్ స్టేట్ రైల్వే 1893 నుంచి ముక్కలు ముక్కలుగా తెరుచుకుంది. సామర్లకోట నుంచి కాకినాడకు పాయ (బ్రాంచి లైను) ఆ కాలంలో వచ్చిందే. కోటిపల్లి లైను అప్పటికి లేదు. అది 1928లో వచ్చింది, సుమారు 45 కిలోమీటర్లు. అప్పటికి ఈ ప్రాంతపు రైళ్లన్నీ మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే చేతిలో ఉన్నాయి. 1907లో అచ్చయిన గోదావరి జిల్లా గెజిటీరులో ఈ లైను దొరకదు. కాలవల మీద పడవ రవాణా ఎలా సాగేదో తెలుసుకోవడానికి మాత్రం ఆ పుస్తకం పనికొస్తుంది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక డెల్టాలో ధాన్యం నడిచింది నీటిమీదే కదా.

బాంబుల మాట కూడా అంతే. కాకినాడ మీద, విశాఖ మీద జపాను విమానాలు బాంబులు వేసింది 1942 ఏప్రిల్ 6న. కోటిపల్లి లైను పట్టాలు పీకింది 1940లో. అంటే రేవు మీద బాంబులు పడేనాటికే ఈ లైను లేదు. పుస్తకంలో ఈ రెండు తేదీలూ పక్కపక్కన వేయండి, వాదన అక్కడితో తీరుతుంది.

మరి 1940లో ఎందుకు పీకారు? యుద్ధ రంగాలకు, ముఖ్యంగా పశ్చిమాసియా వైపు, పట్టాలు, ఇంజన్లు, పెట్టెలు ఇక్కణ్నుంచి పంపాల్సి వచ్చింది. ఇంగ్లండు నుంచి కొత్త పట్టాలు వచ్చే పరిస్థితి లేదు. దేశంలోని ఉక్కు కర్మాగారాలు ఆయుధాల పనిలో పడ్డాయి. అలాంటప్పుడు ఆదాయం తక్కువున్న పాయల్లోంచి పట్టాలు తీయడమే దగ్గరిదారి. శోరనూరు–నిలంబూరు లైనుకు (1927లో తెరిచారు, 1941లో పీకారు), మదురై–బోడినాయకనూరు లైనుకు (1928లో తెరిచారు, యుద్ధంలోనే పీకారు) ఇదే జరిగింది. ఆ రెండింటినీ 1950ల మొదట్లోనే మళ్లీ వేశారు. మనది 2004 దాకా ఆగింది. నన్నడిగితే మీ పుస్తకంలో నొక్కి చెప్పాల్సింది ఈ తేడానే: పాత లైను బతికింది 12 ఏళ్లు, పట్టాల్లేకుండా ఉన్నది 64 ఏళ్లు.

12 ఏళ్లలోనే అది బలహీనమైన లైనుగా ఎందుకు లెక్కకొచ్చిందో కూడా చెప్పండి. తెరిచిన మరుసటి ఏడే ప్రపంచ ఆర్థిక మాంద్యం మొదలై ధాన్యం ధర పడిపోయింది. పక్కనే కాలవలో పడవ కూలి చవక. అప్పుడప్పుడే బస్సులొస్తున్నాయి. రైళ్లను బస్సులు ఎంత దెబ్బతీస్తున్నాయో చూడమని 1932లో ప్రభుత్వం మిచెల్, కర్క్‌నెస్ అనే ఇద్దరు అధికారులతో దేశవ్యాప్తంగా విచారణే చేయించింది. పైగా లైను కోటిపల్లి దగ్గర గౌతమి ఒడ్డున ఆగిపోయేది. అవతల ముక్తేశ్వరం వెళ్లాలంటే రేవు దాటాల్సిందే. కోనసీమ సరుకు నేరుగా పెట్టెలోకి ఎక్కే వీలు లేదు.

పీకిన ఇనుము ఎంతో పాఠకుడికి తెలియాలంటే ఒక లెక్క ఇస్తాను. గజానికి 75 పౌన్ల పట్టా అంటే మీటరుకు 37.13 కిలోలు. లైనుకు రెండు పట్టాలు, 45 కిలోమీటర్లు: సుమారు 3,340 టన్నులు. 60 పౌన్ల పట్టా అయితే (మీటరుకు 29.76 కిలోలు) సుమారు 2,680 టన్నులు. స్లీపర్లు కిలోమీటరుకు 1,200 చొప్పున వేసుకున్నా 54 వేలు. ఇది లెక్క మాత్రమే, రికార్డు కాదు. పుస్తకంలో వేస్తే ఆ మాట స్పష్టంగా రాయండి.

రెండో జన్మ గురించి రాసేటప్పుడు జీఎంసీ బాలయోగి గారి పేరు వదలకండి. అమలాపురం ఎంపీగా, లోక్‌సభ స్పీకరుగా కోనసీమకు రైలు కోసం పట్టుబట్టినవారు ఆయన. 2002 మార్చి 3న హెలికాప్టరు ప్రమాదంలో పోయారు, లైను తెరుచుకోవడం చూడలేదు. కోటిపల్లి నుంచి నరసాపురం దాకా 57 కిలోమీటర్ల పొడిగింపు 2000–01 బడ్జెట్‌లో మంజూరైంది. గౌతమి, వైనతేయ, వశిష్ఠ మూడు పాయల మీదా వంతెనలు కావాలి. అది పూర్తికానన్నాళ్లూ కోటిపల్లి కొసే చివరి స్టేషను, అందుకే రద్దీ పెరగలేదు. ఒంటి పెట్టె రైలుబస్సుతో నెట్టుకొచ్చారు. 2020 మార్చిలో లాక్‌డౌనుకు దేశమంతా ప్యాసింజర్లు ఆగినప్పుడు అదీ ఆగింది, ఆపైన ఏళ్ల తరబడి పట్టాలెక్కలేదు.

---

గేజికర్ర:

పైవారు చెప్పిన తేదీలకు నేల మీద కనిపించేది కలుస్తుందా లేదా అన్నది నేను చెబుతాను. టేపు, వైరు బ్రష్షు, సుద్దముక్క, టార్చిలైటు చాలు.

పట్టా ముక్కలతో మొదలుపెట్టండి. నడుము మీద ఉబ్బెత్తుగా ఉండేది కర్మాగారం అచ్చు. సెక్షను, తయారీదారు పేరు, నెల, సంవత్సరం అందులో ఉంటాయి. నెలను రోమను అంకెల్లోనో గీతల్లోనో వేస్తారు. బ్రష్షుతో మెల్లగా రుద్ది, సుద్దను అడ్డంగా రాయండి. చీకటి పడ్డాక టార్చిని పట్టా నడుముకు ఆనించినట్టు పక్కనుంచి పట్టుకుంటే నీడలో అక్షరాలు లేస్తాయి. ఎదురుగా వెలుగు వేస్తే ఏమీ కనిపించదు, చాలామంది చేసే తప్పు అదే. ఉలి, సుత్తి దగ్గరికి రానీయకండి. తుప్పు పొరతోపాటు అక్షరం కూడా ఊడుతుంది.

అచ్చు దొరక్కపోతే కొలత చెబుతుంది. ఎత్తు, అడుగు (నేలకు ఆనే కింది భాగం) వెడల్పు కొలవండి. 60 ఆర్, 75 ఆర్ అంటే గజానికి అన్ని పౌన్ల పట్టా; కిలోల లెక్క మీటరుకు:

60 ఆర్: ఎత్తు 114.3, అడుగు 109.5 మిల్లీమీటర్లు
75 ఆర్: 128.6, 122.2
90 ఆర్: 142.9, 136.5
52 కిలోల పట్టా: 156, 136
60 కిలోల పట్టా: 172, 150

చివరి రెండూ కనిపిస్తే అవి స్వాతంత్ర్యం తర్వాతివే, 1928తో సంబంధం లేదు. 90 ఆర్‌నీ 52 కిలోలనీ అడుగు వెడల్పుతో విడదీయలేం, ఎత్తు కొలిస్తేనే తెలుస్తుంది. తుప్పుకు రెండు మిల్లీమీటర్ల దాకా తేడా రావచ్చు కాబట్టి ఒక్కో ముక్కను మూడు చోట్ల కొలవండి.

ఇక్కడొక ముఖ్యమైన జాగ్రత్త. గుంజగా పాతిన పట్టా ఆ లైనుదే కానక్కర్లేదు. అరిగిపోయిన పట్టాలను రైల్వే ఎక్కడెక్కడినుంచో తెచ్చి గేటు గుంజలుగా, కంచె గుంజలుగా, దూలాలుగా వాడేది. పట్టా మీద 1895 అని ఉన్నంతమాత్రాన స్టేషను 1895 నాటిది కాదు. ఆ ఏడాదికి ముందు ఆ గుంజ అక్కడ లేదని మాత్రమే దాని అర్థం.

గేజి సంగతికొస్తే, చెక్క స్లీపరు ముక్క దొరికితే పొడవు చూడండి. బ్రాడ్‌గేజిది 2.75 మీటర్లు, మీటరుగేజిది 1.8 మీటర్లు, రెండున్నర అడుగుల నారోగేజిది 1.5 మీటర్లు. కోసేసిన ముక్కైతే మందం చూడండి, బ్రాడ్‌గేజిది 130 మిల్లీమీటర్లు, మిగతావి 115. పొలాల్లో బోర్లించిన గిన్నెల్లాంటి పోత ఇనుము కనిపిస్తే అవి పాట్ స్లీపర్లు. ఊళ్లో పశువుల కుడితి తొట్లుగా మారి ఉండొచ్చు, ఇళ్ల వెనక ఒకసారి చూడండి.

అరుగు విషయం. గోడ కీళ్లలోని సున్నాన్ని మేకుతో గీకండి. పొడిపొడిగా, గులాబీ రంగులో రాలితే సున్నం–సుర్ఖీ (ఇటుక పొడి కలిపిన సున్నం). బూడిదరంగులో గట్టిగా ఉంటే సిమెంటు. సున్నమైతే 2004 నాటిది కాదని గట్టిగా చెప్పొచ్చు, 1928 నాటిదని మాత్రం చెప్పలేం, ఎందుకంటే పల్లెల్లో సున్నం పని 1950లు దాటాకా సాగింది. నిమ్మరసం చుక్క వేసి నురుగొస్తే సున్నమని కొందరు చెబుతారు. పాత సిమెంటు కూడా నురుగొస్తుంది, ఆ పరీక్షను నమ్మకండి. ఇటుక కొలత కూడా ఇక్కడ సాయపడదు, గోదావరి జిల్లాల బట్టీల్లో తొమ్మిదంగుళాల ఇటుక ఇప్పటికీ కాలుస్తున్నారు.

అరుగు కంటే పట్టాలు పరిచిన మట్టికట్ట ఎక్కువ చెబుతుంది. పాత కట్ట మిగిలి ఉంటే పైన వెడల్పును ప్రతి 20 అడుగులకూ కొలుస్తూ నడవండి. ఒంటి లైను కట్ట పైభాగం 20 అడుగుల చుట్టుపక్కల ఉంటుంది. ఒకచోట మొదలై 14–15 అడుగులు ఎక్కువగా వెడల్పై, కొంతదూరం తర్వాత మళ్లీ సన్నబడితే అక్కడ రెండో లైను ఉండేదన్నమాట. ఆ వెడల్పు రెండువైపులా మెయిన్ లైనులో కలిస్తే లూపు, ఒకవైపు మొండిగా ఆగితే సరుకు సైడింగు. నాలుగు చక్రాల పాత పెట్టె సుమారు 25 అడుగులు, కాబట్టి 250 అడుగుల సైడింగులో పది పెట్టెలు పడతాయి. వెడల్పే మారకపోతే అది హాల్టు. హాల్టంటే స్టేషను మాస్టరు, సిగ్నళ్లు ఉండవు, టికెట్లు ఏజెంటు అమ్ముతాడు. 20 అడుగుల అరుగు హాల్టు టికెట్ గదికి సరిపోతుంది.

కట్టకు రెండువైపులా మట్టి తీసిన గుంటలు డెల్టాలో తప్పనిసరి. అవే ఇప్పుడు గుర్రపుడెక్క పట్టిన చెరువులు. గుంటల వరస ఎక్కడ తెగిందో అక్కడే స్టేషను ఆవరణ ఉండేది, ఎందుకంటే యార్డు పక్కన గుంట తవ్వితే బండ్లు నిలిచే చోటు ఉండదు.

---

కాలవగట్టు:

మీరు చెప్పినట్టే చేశామండి. నాలుగింటిలో మూడు ముక్కలు అడుగు 121–122, ఎత్తు 127–128. నాలుగోది అడుగు 136, ఎత్తు 155. అక్షరాలున్న ముక్క మీద 192 దాకా చదవగలిగాం, చివరి అంకె పోయింది. అరుగు సున్నం–సుర్ఖీయే. కట్ట ఆ చోట దున్నేసి పొలంలో కలిసిపోయింది, వెడల్పు కొలిచే వీల్లేదు.

---

గేజికర్ర:

మూడు ముక్కలు 75 పౌన్లవి, నాలుగోది 52 కిలోలది. అంటే ఆ గుంజలన్నీ 1928 నాటివి కావు. కనీసం ఒకటి స్వాతంత్ర్యం తర్వాత వచ్చి చేరింది. 192 అంటే 1920–29 మధ్య తయారీ. 1928 లైనుకు పొసుగుతుంది, కానీ రుజువు కాదు. కట్ట పోయిందన్నారు కాబట్టి ఇక కాగితాలే దిక్కు.

---

సర్వేరాయి:

కాగితాల పని నాకొదిలేయండి. మ్యాపులూ భూమి రికార్డులూ కలిపి చూస్తేనే ముప్పై గజాల తేడా తేలుతుంది.

సర్వే ఆఫ్ ఇండియా మైలుకు అంగుళం పటాల్లో మీ ప్రాంతం రెండు షీట్లలో పడుతుంది. రామచంద్రపురం, ద్రాక్షారామం 65 ఎల్/1లో, కోటిపల్లి 65 ఎల్/2లో. 16 డిగ్రీల 45 నిమిషాల అక్షాంశం దగ్గర షీటు మారుతుంది. అమెరికా సైన్యం 1950ల్లో వేసిన రెండున్నర లక్షలకొకటి స్కేలు పటాల్లో మీది ఎన్‌ఈ 44-15. అవి టెక్సాస్ విశ్వవిద్యాలయం లైబ్రరీ సైటులో ఉచితంగా దొరుకుతాయి. ఏ షీటైనా మూలనున్న చిన్న అక్షరాలు ముందు చదవండి. అచ్చు వేసిన ఏడాది వేరు, సర్వే చేసిన ఏడాది వేరు. 1955లో అచ్చయిన పటం 1930ల సర్వే మీద ఆధారపడితే, పీకేసి పదిహేనేళ్లయిన లైను కూడా అందులో బతికున్నట్టే కనిపిస్తుంది.

పాత పటాన్ని ఉపగ్రహ చిత్రం మీద పరిచేటప్పుడు అక్షాంశ రేఖాంశాల గీతల్ని నమ్మి అతికిస్తే ఇక్కడ దాదాపు 200 మీటర్లు పక్కకు జరుగుతుంది, ఎందుకంటే భూమి ఆకారానికి పాత పటాలు వాడిన లెక్క ఎవరెస్టు గోళం, ఫోనులో ఉండేది వేరే గోళం. గీతలు వదిలేసి, మారని గుర్తులు నాలుగైదు పట్టుకుని అతికించండి: ద్రాక్షారామం భీమేశ్వరాలయం, కోటిపల్లి సోమేశ్వరాలయం, కాలవ లాకులు, పాత వంతెనలు. అప్పటికీ అంగుళం పటంలో ఒక మిల్లీమీటరు గీత నేలమీద 63 మీటర్లు. ఊళ్లో స్టేషను ఉందా లేదా అన్నది తేలుతుంది, మీ అరుగు తేలదు.

అరుగు తేల్చేది గ్రామపటం, ఎఫ్‌ఎంబీ (ఒక్కో సర్వే నంబరు కొలతలుండే పుస్తకం). పాత గ్రామపటం మైలుకు 16 అంగుళాల లెక్క. ముప్పై గజాలు అందులో 7 మిల్లీమీటర్లు, కంటికి బాగా కనిపిస్తుంది. వరస ఇది:

ముందు అరుగున్న చోటు పాత సర్వే నంబరు పట్టుకోండి. రీసర్వే అయిన గ్రామమైతే ఇప్పుడు ఎల్‌పీఎం (రీసర్వేలో ఇచ్చిన కొత్త భూభాగం) నంబరే ఉంటుంది, పాత నంబరుకూ దానికీ పొంతన పట్టిక గ్రామ సచివాలయంలోని సర్వేయరును అడగాలి. ఈ మెట్టు దాటేసి కొత్త నంబరుతో పాత రికార్డు అడిగితే 'అలాంటి నంబరు లేదు' అంటారు, అందరూ ఇక్కడే వెనుదిరుగుతారు.

తర్వాత ఆ నంబరుకు ఆర్‌ఎస్‌ఆర్ (రీసెటిల్‌మెంటు రిజిస్టరు), డైగ్లాట్ (రెండు భాషల్లో ఉండే పాత భూమి రిజిస్టరు) నకళ్లు. రైల్వే కోసం తీసుకున్న భూమిని సబ్‌డివిజను చేసి 'రైల్వే పోరంబోకు' అని రాస్తారు. రిమార్కుల గడిలో భూసేకరణ ఉత్తర్వు నంబరు ఉంటే అదే మీకు బంగారం. ఆ నంబరుతో సెయింట్ జార్జి కోట గెజెట్‌లో (అప్పటి మద్రాసు ప్రభుత్వ గెజెట్) 1894 భూసేకరణ చట్టం కింద 4వ, 6వ సెక్షన్ల ప్రకటనలు వెతకండి, సర్వే నంబర్లు, విస్తీర్ణాలు అందులో అచ్చవుతాయి. 1928కి ముందు రెండుమూడేళ్ల సంచికలతో మొదలుపెట్టండి. మద్రాసు ప్రెసిడెన్సీ రికార్డులు చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. అక్కడ కేటలాగులో కాకినాడ కోసం వెతికేటప్పుడు 'కొకనాడ' అన్న పాత ఇంగ్లిషు స్పెల్లింగుతో వెతకాలి.

ఆ తర్వాత ఎఫ్‌ఎంబీ. పాత ప్రతుల్లో కొలతలు లింకుల్లో ఉంటాయి. 100 లింకులంటే 66 అడుగులు. మీటర్లనుకుని కొలిస్తే ఐదు రెట్లు తప్పు. రైల్వే సబ్‌డివిజను సన్నటి పట్టీలా సాగుతూ ఒకచోట ఉబ్బితే అదే స్టేషను ఆవరణ. అరుగు ఆ ఉబ్బులో పడితే ఇక సందేహం అక్కర్లేదు.

జిల్లాలు 2022లో విడిపోయాయి కాబట్టి కోనసీమ, కాకినాడ కలెక్టరేట్ల మధ్య తిప్పుతారు. 1925 నుంచి అప్పటిదాకా తూర్పు గోదావరి ఒకటే జిల్లా, కేంద్రం కాకినాడ. పాత రిజిస్టర్లకు ముందు కాకినాడ రికార్డు రూములో అడగండి.

---

పాతపట్టాలు:

దీనికి తోడు రైల్వేకు సమాచార హక్కు దరఖాస్తు ఒకటి పెట్టండి. పది రూపాయల ఫీజు, ప్రతుల నకళ్లకు పేజీకి రెండు రూపాయలు, 30 రోజుల గడువు. విజయవాడ డివిజను ప్రజా సమాచార అధికారికి రాయండి. 'మా స్టేషను చరిత్ర చెప్పండి' అని అడిగితే 'అలాంటి రికార్డు లేదు' అని ఒక్క ముక్కలో ముగిస్తారు, ఎందుకంటే తమ దగ్గరున్న కాగితం ఇవ్వడమే వాళ్ల బాధ్యత, చరిత్ర రాసివ్వడం కాదు. కాగితం పేరు పెట్టి అడగాలి: ఫలానా కిలోమీటరు నుంచి ఫలానా కిలోమీటరు దాకా భూమి ప్లాను, స్టేషను తెరిచినప్పటి కమర్షియల్ విభాగం ఉత్తర్వు, మూసి ఉంటే మూసివేత ఉత్తర్వు, యార్డు ప్లాను. ఒక్కో అంశానికి ఒక్కో అంకె వేయండి. కిలోమీటరు సంఖ్య లైను పక్కన రాయి మీద ఉంటుంది, ఫోటో జత చేయండి.

పాత లైను స్టేషన్ల జాబితా కోసం డివిజను మీద ఆశ పెట్టుకోవద్దు. మద్రాసు కంపెనీ కాగితాలు 1951లో దక్షిణ రైల్వేకు, అక్కణ్నుంచి 1966లో దక్షిణ మధ్య రైల్వేకు చేతులు మారాయి. దానికి పాత బ్రాడ్‌షా టైంటేబుళ్లు మేలు. 1929కీ 1940కీ మధ్య ఏ సంచిక దొరికినా కాకినాడ నుంచి కోటిపల్లి దాకా ప్రతి స్టేషనూ మైళ్లతో సహా వరసగా ఉంటుంది. మీ ఊరి పేరు ఆ వరసలో లేకపోతే అరుగు స్టేషనుది కాదు, గేటు గుడిసెదో గ్యాంగు (పట్టాల మరమ్మతు కూలీల) గుడిసెదో అయి ఉంటుంది. అప్పుడు దాన్ని అలాగే రాయాలి.

---

కాలవగట్టు:

చాలా సంతోషమండి. పొంతన పట్టిక కోసం రేపే సచివాలయానికి వెళ్తున్నాం. ఒక్క మాట, ఆ అచ్చున్న పట్టా ముక్కను పెకలించి హైస్కూలు ఆవరణలో పెడదామని కుర్రాళ్లు అంటున్నారు. చేయొచ్చా?

---

గేజికర్ర:

వద్దండి. తుప్పు పట్టినా అది రైల్వే ఆస్తే. ఇంటికి తెచ్చినా బడికి తెచ్చినా 1966 నాటి రైల్వే ఆస్తుల చట్టం కింద కేసు అవుతుంది. అనుమతి లేకుండా రైల్వే స్థలంలో తవ్వడం 1989 చట్టం 147వ సెక్షను కింద వేరే నేరం. దానికంటే పెద్ద నష్టం ఇంకోటుంది: గుంజ నిలిచిన చోటే దాని సాక్ష్యం. రేపు ఎఫ్‌ఎంబీ చేతికొచ్చాక ఆ నాలుగు గుంజలు హద్దు గీత మీద పడతాయా లేదా అని చూడాలి కదా. పెకలిస్తే ఆ దారి మూసుకుపోతుంది.

బడికి కావాలంటే అచ్చు తీసుకోండి. పెద్ద తెల్లకాగితం పట్టా నడుముకు చుట్టి, మెత్తటి పెన్సిలును పడుకోబెట్టి రుద్దితే అక్షరాలు ఉన్నదున్నట్టు దిగుతాయి. పక్కన స్కేలు పెట్టి ఫోటో తీయండి. ఒక్కో గుంజ నుంచి అరుగు మూలకు, కొత్త ప్లాట్‌ఫారం కొసకు టేపుతో దూరాలు కొలిచి రాసుకోండి. తడి కాలంలో కాగితం చిరుగుతుంది, సంక్రాంతి తర్వాత చేయండి.